అడవి ఏ ఏడాది ఎంత పెరిగింది? రెండు అర్ధగోళాల్లో ఉత్పాదకత కొలతపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఉపగ్రహ సమాచారం దించుకుని లెక్కలు మొదలుపెట్టిన విద్యార్థులు, అడవిలో కొలతల కోసం హద్దులు గీసుకున్న ప్లాట్లలో చెట్ల చుట్టుకొలతలు తీసేవాళ్లు, రెండు ఖండాల అడవులను పక్కపక్కన పెట్టి చూడాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలివి. చాలా వాటి వెనక ఉన్న చిక్కు ఒక్కటే. జనవరి 1న మొదలై డిసెంబరు 31న ముగిసే ఏడాది ఉత్తరార్ధగోళపు చెట్లకు బాగానే సరిపోతుంది. దక్షిణార్ధగోళపు చెట్లకు అది నడివేసవిలో, మంచి ఎదుగుదల మీద ఉన్నప్పుడు తెగుతుంది.

ఉత్పాదకత అంటే కచ్చితంగా దేన్ని కొలుస్తున్నట్టు?

మూడు వేర్వేరు రాశులకు ఈ ఒక్క మాటే వాడేస్తుంటారు. ఆకులు కిరణజన్య సంయోగక్రియతో గాలిలోంచి తీసుకున్న మొత్తం కార్బన్ స్థూల ప్రాథమిక ఉత్పాదకత. దీన్నే జీపీపీ అంటారు. అందులోంచి చెట్టు తన సొంత శ్వాసక్రియకు ఖర్చు పెట్టుకోగా మిగిలేది నికర ప్రాథమిక ఉత్పాదకత, అంటే ఎన్‌పీపీ. కాండం, ఆకులు, వేళ్లు, పూలు, కాయలు ఈ మిగులులోంచే తయారవుతాయి. నేలలోని సూక్ష్మజీవులు వదిలే కార్బన్‌ను కూడా తీసేస్తే, అడవి మొత్తం మీద నిలవ చేసిందెంతో తేలుతుంది. అది మూడో రాశి.

నేల మీది మొక్కలన్నీ కలిసి ఏడాదికి 12,000 కోట్ల టన్నులు, లేదా అంతకన్నా ఎక్కువ, కార్బన్‌ను పట్టుకుంటాయని అంచనా. ఎన్‌పీపీ అందులో దాదాపు సగమని పుస్తకాల్లో రాస్తారు. కానీ ఆ సగం అన్ని అడవులకూ వర్తించదు. 2007లో వెలువడిన ఒక ప్రపంచవ్యాప్త సంకలనం ప్రకారం తేమ ఎక్కువగా ఉండే ఉష్ణమండల అడవుల జీపీపీ చదరపు మీటరుకు ఏటా 3,500 గ్రాముల కార్బన్ దాకా ఉంది, ఎన్‌పీపీ మాత్రం 860 దగ్గరే ఆగింది. సమశీతోష్ణ మండలంలో ఆకురాల్చే అడవుల జీపీపీ 1,400లోపే, కానీ ఎన్‌పీపీ 740 దాకా ఉంది. జీపీపీలో రెండున్నర రెట్లున్న తేడా ఎన్‌పీపీకి వచ్చేసరికి చాలా తగ్గిపోయింది. అందుకే ‘ఈ అడవి ఆ అడవికన్నా ఉత్పాదకమైనది’ అని ఎవరైనా అంటే, ఏ రాశిలో అని అడగాలి.

రుతువుల మధ్య తేడా ఆరు నెలలే కదా, ఒకవైపు కొలతల శ్రేణిని ఆరు నెలలు జరిపితే సరిపోదా?

తొలి చూపుకు గ్రాఫు మీద జరిపి చూడటంలో తప్పులేదు. అయితే దక్షిణార్ధగోళం ఉత్తరార్ధగోళానికి ఆరు నెలలు ఆలస్యంగా నడిచే నకలు కాదు.

భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, అంటే దక్షిణాది వేసవిలో. అప్పుడు వాతావరణం పైఅంచున పడే సూర్యశక్తి జులై మొదట్లో పడేదానికన్నా సుమారు 7 శాతం ఎక్కువ. దగ్గరగా ఉన్నప్పుడు భూమి వేగంగా కదులుతుంది కాబట్టి దక్షిణాది వసంతం, వేసవి కలిపి 179 రోజులే. ఉత్తరాదిలో అవి 186 రోజులు. కాంతి తీవ్రత ఎక్కువ, రోజులు తక్కువ అన్నమాట.

దీనికన్నా పెద్ద తేడా సముద్రం వల్ల వస్తుంది. భూగోళపు నేలలో మూడింట రెండు వంతులు ఉత్తరానే ఉంది. దక్షిణాన చుట్టూ నీరే కాబట్టి అదే అక్షాంశంలో శీతాకాలం అంత కఠినంగా ఉండదు. కెనడా, సైబీరియాల్లో కనిపించే బోరియల్ అడవికి, అంటే ఉత్తరాది చలి మండలపు అడవికి, దక్షిణాన జోడీయే లేదు, ఆ అక్షాంశాల్లో నేలే దాదాపు లేదు కనుక. ‘ఉత్తరార్ధగోళపు అడవుల సగటు’, ‘దక్షిణార్ధగోళపు అడవుల సగటు’ అని రెండు అంకెలు పక్కపక్కన వేస్తే బోరియల్ అడవి ఒకవైపే చేరుతుంది. ఆ పోలికకు నేను విలువ ఇవ్వను. వాతావరణం, అడవి రకం కలిసే జతలను ఎంచుకుని పోల్చాలి.

క్యాలెండర్ సంవత్సరం వాడితే నిజంగా అంత నష్టమా?

ఒక ఊహా లెక్క వేద్దాం. దక్షిణాది అడవి ఒకటి ప్రతి ఎదుగుదల కాలంలోనూ 8 పాళ్లు పెరుగుతుంది. అందులో సగం డిసెంబరు 31కి ముందు, సగం తర్వాత. ఒక్క 2019–20 కాలంలో కరవు వచ్చి ఎదుగుదల 4 పాళ్లకు పడిపోయింది, మళ్లీ మరుసటి కాలంలో 8కి చేరింది. ఇప్పుడు క్యాలెండర్ ప్రకారం కూడండి. 2019కి పాత కాలపు రెండో సగం 4, కరవు కాలపు మొదటి సగం 2, మొత్తం 6. 2020కి కరవు కాలపు రెండో సగం 2, కొత్త కాలపు మొదటి సగం 4, మళ్లీ 6. ఒకే కాలంలో సగానికి పడిపోయిన ఎదుగుదల, రెండేళ్లపాటు పావు వంతు తగ్గినట్టుగా కనిపిస్తుంది. మొత్తం నష్టం మారలేదు కానీ కరవు తీవ్రత, అది ఉన్న వ్యవధి రెండూ తప్పుగా నమోదయ్యాయి. ఇలాంటి శ్రేణిని వర్షపాతంతో సరిపోల్చితే సంబంధం బలహీనంగా తేలుతుంది. అప్పుడు పరిశోధకుడు ‘ఈ అడవి కరవును తట్టుకుంటుంది’ అని రాసేస్తాడు.

ఊహ వద్దనుకుంటే ఆస్ట్రేలియాలో 2019–20 వేసవి కార్చిచ్చులే ఉన్నాయి. ఒకే వేసవిలో జరిగిన ఆ విధ్వంసం క్యాలెండర్ లెక్కలో రెండేళ్లుగా చీలిపోతుంది. పసిఫిక్ సముద్రపు నీరు మామూలుకన్నా వేడెక్కే ఎల్‌నినో, చల్లబడే లానినాలు కూడా సాధారణంగా సంవత్సరాంతానికి అటూఇటూగా ఉద్ధృతమవుతాయి. దక్షిణాది అడవుల మీద వాటి ప్రభావాన్ని చూడబోయినప్పుడు క్యాలెండర్ సరిగ్గా ఆ ఉద్ధృతి మధ్యలోనే గీత గీస్తుంది.

మరి ఏడాదిని ఎక్కడ కోయాలి?

ఎదుగుదల అతి తక్కువగా ఉండే చోట. సమశీతోష్ణ దక్షిణాదికి జులై 1 నుంచి జూన్ 30 వరకు అనేది వాడుకలో ఉన్న, చాలావరకు సరిపోయే ఏర్పాటు. ఉత్తరాదికి జనవరి–డిసెంబరు చాలు.

కానీ దీన్ని కూడా గుడ్డిగా వాడొద్దు. మధ్య చిలీ, ఆస్ట్రేలియా నైరుతి మూల లాంటి మధ్యధరా తరహా వాతావరణంలో వాన శీతాకాలంలో పడుతుంది, వేసవి ఎండిపోతుంది. అక్కడి చెట్లు వసంతంలో జోరుగా పెరిగి, ఎండలు ముదిరాక నెమ్మదించి, శరదృతువు వానలకు మళ్లీ పుంజుకోవచ్చు. అలాంటి చోట ఎదుగుదల అడుగంటేది జూన్‌లో కాకుండా వేసవి చివర్లో కావచ్చు. కాబట్టి ముందుగా కొన్నేళ్ల నెలవారీ సగటు వేసి, అది ఏ నెలలో అట్టడుక్కి పోతోందో చూడండి. గీత అక్కడ గీయండి. ఒకసారి గీశాక ఆ శ్రేణి మొత్తానికీ అదే ఉంచండి. ఏడాదికో చోట మారుస్తూ పోతే కాలాల పొడవులు మారి మరో చిక్కు వస్తుంది.

జులై 2019 నుంచి జూన్ 2020 వరకు ఉన్న కాలాన్ని ఏ సంవత్సరం అని పిలవాలి?

కాండం కోతలో ఏడాదికొకటిగా కనిపించే వలయాలు చదివేవాళ్లకు దీనికి పాత ఒప్పందం ఉంది. 1950లలో అమెరికా వలయాల శాస్త్రవేత్త ఎడ్మండ్ షుల్మన్ స్థిరపరిచిన పద్ధతి ప్రకారం దక్షిణార్ధగోళంలో వలయానికి ఎదుగుదల మొదలైన సంవత్సరమే తేదీ. 2019 వసంతంలో మొదలై 2020లో ముగిసిన వలయం 2019 వలయమే. చాలామంది ఇతర రంగాలవాళ్లు మాత్రం కాలం ముగిసిన సంవత్సరాన్ని వాడతారు. రెండు పట్టికలనూ సంవత్సరం అంకె చూసి కలిపేస్తే పన్నెండు నెలల తేడా చడీచప్పుడు లేకుండా లోపలికి వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా ఇవ్వదు.

నా సలహా ఒక్కటే. ఎప్పుడూ ‘2019–20’ అని రెండు అంకెలూ రాయండి. పట్టికలో ఒకే అంకె పట్టే గడి ఉంటే, పక్కనే మొదలు తేదీకి, ముగింపు తేదీకి రెండు గడులు చేర్చండి.

భూమధ్యరేఖ దగ్గర ఏ ఏడాది వాడాలి?

అక్కడ అర్ధగోళం కన్నా వాన ముఖ్యం. కాంగో పరీవాహక ప్రాంతం భూమధ్యరేఖకు రెండువైపులా పరచుకుంది, ఉత్తర భాగం తడిగా ఉన్న నెలల్లో దక్షిణ భాగం పొడిగా ఉండొచ్చు. రేఖకు బాగా దగ్గరగా ఏడాదికి రెండు వానకాలాలు వస్తాయి. అక్షాంశం గుర్తు చూసి ‘సున్నాకు కింద ఉంటే జులై–జూన్’ అని కోడ్‌లో ఒక్క వాక్యం రాస్తే, రేఖకు అటూఇటూ పక్కపక్కన ఉన్న మ్యాపు గళ్లు ఆరు నెలల తేడాతో కూడబడతాయి. మ్యాపులో భూమధ్యరేఖ వెంట గీసినట్టు ఒక చార కనిపిస్తే కారణం అదే. ఉష్ణమండలానికి పొడికాలం చివర మొదలయ్యే నీటి సంవత్సరం మేలు.

నేల మీద ప్లాట్లలో ఎలా కొలుస్తారు?

చెట్టు ఛాతీ ఎత్తులో వ్యాసం కొలిచి, సమీకరణం ద్వారా జీవద్రవ్యరాశిని అంచనా వేసి, కొంతకాలం తర్వాత మళ్లీ కొలుస్తారు. ‘ఛాతీ ఎత్తు’ ఎక్కువ దేశాల్లో 1.3 మీటర్లు, అమెరికాలో 1.37, న్యూజిలాండ్‌లో 1.4. తేడా చిన్నదే. కానీ ఒకే చెట్టును రెండుసార్లు వేర్వేరు ఎత్తుల్లో కొలిస్తే ఆ చిన్న తేడా ఏడాది ఎదుగుదలనే మింగేయగలదు. అందుకే కొలిచిన చోట కాండం మీద రంగుతో గీత పెడతారు. ఎండిన జీవద్రవ్యరాశిని కార్బన్‌లోకి మార్చడానికి ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం ఐపీసీసీ ఇచ్చిన సాధారణ గుణకం 0.47.

కాండం ఒక్కటే ఎన్‌పీపీ కాదు. రాలిన ఆకులు, పుల్లలు వలతొట్లలో పడితే వాటిని ఎండబెట్టి తూచాలి. సన్నవేళ్లు ఎంత పుట్టి ఎంత చచ్చాయో తెలుసుకోవడం అన్నిటికన్నా కష్టం. వేళ్లు లేని మట్టిని జల్లెడ సంచిలో నింపి పాతిపెట్టి, కొన్ని నెలలయ్యాక లోపలికి ఎన్ని వేళ్లు చొచ్చుకొచ్చాయో చూస్తారు, లేదా పారదర్శక గొట్టాలు దించి కెమెరాతో ఫొటోలు తీస్తారు. చాలా నివేదికల్లో వేళ్ల అంకె కొలిచింది కాదు, కాండం అంకెను ఒక నిష్పత్తితో గుణించి రాబట్టింది.

కాలం సంగతికొస్తే, ప్లాట్లను తిరిగి కొలిచే తేదీ కీలకం. ఉత్తరాదిన డిసెంబరులో కొలిచినా ఫిబ్రవరిలో కొలిచినా చెట్టు నిద్రలోనే ఉంటుంది. దక్షిణాదిన అదే రెండు నెలల తేడా అంటే కాలపు ఎదుగుదలలో పెద్ద ముక్క అటో ఇటో పోయినట్టు. కాండానికి పట్టీలు బిగించి వారం వారం చదివేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కాండం నీటితో ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పెద్ద వాన మరునాడు కనిపించే ‘ఎదుగుదల’లో కొంత నీరే. పైగా 2015లో పైన్ లాంటి శంఖుధారి చెట్ల అడవులపై వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం కాండం లావెక్కడం ఆగాక కూడా కణగోడలు గట్టిపడటం సాగుతుంది, కార్బన్ చేరిక చుట్టుకొలతకన్నా నెలకు పైగా వెనకబడి నడుస్తుంది.

టవర్లతో కొలిచే ఎడ్డీ కోవేరియన్స్ పద్ధతి ఏమిటి?

అడవి పైకప్పుకు పైన టవర్ మీద గాలి నిలువు వేగాన్ని, కార్బన్ డయాక్సైడ్ సాంద్రతను సెకనుకు 10–20 సార్లు కొలుస్తారు. పైకి వెళ్లే సుడులు, కిందికి దిగే సుడులు మోసుకుపోయే కార్బన్ తేడాను సాధారణంగా అరగంట సగటుగా తీస్తే అడవి నికరంగా ఎంత పీల్చిందో, ఎంత వదిలిందో వస్తుంది. అమెరికాలోని హార్వర్డ్ ఫారెస్ట్‌లో ఈ కొలతలు 1990ల తొలినాళ్ల నుంచి నడుస్తున్నాయి. ఆస్ట్రేలియాలో టుంబరుంబా యూకలిప్టస్ అడవి టవర్ దక్షిణాదిలో పేరున్న వాటిలో ఒకటి.

టవర్ జీపీపీని నేరుగా కొలవదు. రాత్రి శ్వాసక్రియను ఉష్ణోగ్రతతో ముడిపెట్టి, ఆ సంబంధాన్ని పగటికి సాగదీసి, నికర కొలతకు కలిపితే జీపీపీ అంచనా వస్తుంది. రాత్రి గాలి స్తంభిస్తే కార్బన్ టవర్‌కు అందకుండా వాలు వెంట జారిపోతుంది. అలాంటి గంటలను ఏరి పారేసి, ఖాళీలను లెక్కతో పూడుస్తారు.

టవర్లలో అత్యధిక భాగం ఉత్తర అమెరికా, యూరప్‌లలో ఉంది. వాటి సమాచారం మీద శిక్షణ పొందిన కంప్యూటర్ నమూనాలను దక్షిణాది అడవులకు వర్తింపజేస్తున్నాం. నా దృష్టిలో ఈ రంగంలో పెద్ద బలహీనత ఇదే, క్యాలెండర్ గొడవకన్నా పెద్దది. క్యాలెండర్ తప్పును సాయంత్రంలోగా సరిదిద్దుకోవచ్చు, లేని టవర్‌ను సృష్టించలేం.

ఉపగ్రహం ఉత్పాదకతను చూడగలదా?

చూడలేదు. అది ప్రతిఫలించిన కాంతిని చూస్తుంది. ఎర్ర కాంతిని ఆకు పీల్చుకుంటుంది, కంటికి కనిపించని సమీప పరారుణాన్ని వెనక్కి కొడుతుంది. ఈ రెంటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ అనే పచ్చదనపు సూచిక వస్తుంది. ఉపగ్రహాల మీది ఏవీహెచ్ఆర్ఆర్ పరికరాలతో 1981 నుంచి, నాసా పరికరం మోడిస్‌తో 2000 నుంచి ఈ శ్రేణి ఉంది. పచ్చదనం నుంచి ఆకులు పీల్చే కాంతిని, దాన్నుంచి కార్బన్‌ను లెక్కించే ఆలోచనకు 1970లలో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ మోంటీత్ పునాది వేశారు.

దట్టమైన అడవిలో ఎన్‌డీవీఐ త్వరగా గరిష్ఠానికి చేరి అక్కడే ఉండిపోతుంది, ఆకులు ఇంకా పెరిగినా అంకె కదలదు. ఉత్తరాన మరో మోసం ఉంది. మంచు కరగగానే ఒక్క కొత్త ఆకు రాకపోయినా ఎన్‌డీవీఐ ఎగబాకుతుంది, దాన్ని వసంతారంభం అనుకుంటాం. దక్షిణాది అడవుల్లో మంచు బెడద తక్కువ. మేఘాల బెడద మాత్రం చిలీ దక్షిణ తీరంలో, న్యూజిలాండ్ పశ్చిమ తీరంలో దండిగా ఉంది.

మోడిస్ వార్షిక ఎన్‌పీపీ తయారుగా దొరుకుతోంది కదా, నేరుగా వాడుకోవచ్చా?

ఉత్తరాదికి వాడుకోండి. దక్షిణాదికి వాడే ముందు ఆగండి, ఎందుకంటే అది క్యాలెండర్ సంవత్సరపు మొత్తం. ఎనిమిదేసి రోజుల మొత్తాలుగా దొరికే జీపీపీని తెచ్చుకుని జులై నుంచి జూన్‌కు మీరే కూడుకోవడం నయం.

ఆ కూడికలో ఒక గుంట ఉంది. ఈ ఎనిమిది రోజుల పొట్లాలు ప్రతి జనవరి 1న మళ్లీ మొదలవుతాయి. ఏడాదికి 46. అందులో చివరిది ఎనిమిది రోజులది కాదు, ఐదు రోజులది. లీపు సంవత్సరంలో ఆరు. రోజువారీ సగటు కోసం అన్నిటినీ ఎనిమిదితో భాగిస్తే చివరి పొట్లం తక్కువ చూపిస్తుంది. ఉత్తరాది అడవిలో అది గడ్డకట్టిన డిసెంబరు కాబట్టి ఎవరి కంటా పడదు. దక్షిణాదిలో అది నడివేసవి. ఏటా డిసెంబరు చివరి వారంలో ఎదుగుదల ఒక్కసారిగా కుంగి లేచినట్టు కనిపిస్తే, కరవు వెతకబోయే ముందు భాజకం చూసుకోండి.

ఇంకొకటి. ఈ పద్ధతిలో ప్రతి అడవి రకానికీ ఒక స్థిర గుణకాల వరస ఉంటుంది. ‘వెడల్పాకు సతతహరిత’ అనే ఒకే అరలో అమెజాన్ వర్షారణ్యమూ ఉంది, టాస్మేనియా యూకలిప్టస్ అడవీ ఉంది. నేలలోని తేమను ఇది నేరుగా పట్టించుకోదు, గాలి పొడిదనం, కనిష్ఠ ఉష్ణోగ్రతలతో సరిపెడుతుంది. వేళ్ల దగ్గర నీరు అయిపోయిన సంగతి దానికి ఆలస్యంగా తెలుస్తుంది, కొన్నిసార్లు తెలియదు.

ఆకులు రాలని అడవిలో ఎదుగుదల కాలం ఎప్పుడు మొదలైందని చెప్పాలి?

దక్షిణాది సమశీతోష్ణ అడవుల్లో ఎక్కువ భాగం సతతహరితమే. పాటగోనియాలోని లెంగా చెట్టు, టాస్మేనియాలోని ఫేగస్ లాంటివి ఆకురాల్చే కొద్ది మినహాయింపులు. ఏడాదంతా పచ్చగా ఉండే పైకప్పు మీద ‘పచ్చదనం సగం దాటిన రోజు’ అనే కొలమానానికి అర్థం ఉండదు. గీత దాదాపు సమతలంగా ఉంటే, ఏ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ప్రారంభ తేదీ అయినా చాలావరకు అర్థంలేని గజిబిజే.

ఇక్కడ ఆకు వెలువరించే మసక ఫ్లోరసెన్స్ కాంతి ఉపయోగపడుతోంది. కిరణజన్య సంయోగక్రియ జరిగేటప్పుడు పత్రహరితం పీల్చిన శక్తిలో చిన్న భాగాన్ని ఎర్ర, సమీప పరారుణ కాంతిగా వదులుతుంది. 2014లో ఎగిరిన ఓసీఓ-2 ఉపగ్రహం, 2017లో ఎగిరిన సెంటినెల్-5పీ ఉపగ్రహంలోని ట్రోపోమీ పరికరం దీన్ని పట్టుకోగలవు. ఆకు పచ్చగా ఉండి పని మానేసినా ఇందులో తేడా కనిపిస్తుంది. కానీ చిత్రంలో ఒక్కో చుక్క కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది, చిన్న ప్లాటుకు పనికిరాదు.

అమెజాన్ పొడికాలంలో పచ్చబడుతుందన్న వాదన ఏమైంది?

2006, 2007లలో మోడిస్ సూచికలు పొడికాలంలో పచ్చదనం పెరిగినట్టు చూపాయి. 2014లో మరో బృందం, ఆ పెరుగుదల సూర్యుడూ ఉపగ్రహమూ ఉన్న కోణాల వల్ల వచ్చిన భ్రమ అని వాదించింది. ఆకాశంలో సూర్యుడి స్థానం మారేకొద్దీ ఆకుల నీడలు ఎంత కనిపిస్తాయన్నది మారుతుంది, అది పచ్చదనంగా నమోదవుతుంది. అయితే టవర్లు, టవర్ల మీది కెమెరాలు వేరే మాట చెప్పాయి. 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం మధ్య అమెజాన్‌లో పొడికాలంలో పాత ఆకులు రాలి కొత్తవి వస్తాయి. లేత వయసు దాటిన కొత్త ఆకులు పాతవాటికన్నా చురుగ్గా పనిచేస్తాయి, దాంతో కిరణజన్య సంయోగక్రియ పెరుగుతుంది. కోణాల దిద్దుబాటు తప్పనిసరి అన్నదీ నిజమే, అడవికి పొడికాలపు లయ ఉందన్నదీ నిజమే.

దక్షిణాది అడవిలో గరిష్ఠ ఎదుగుదల తేదీల సగటు తీస్తే శీతాకాలం మధ్య రోజు వస్తోంది. ఎందుకు?

డిసెంబరు 20 అంటే ఏడాదిలో 354వ రోజు, జనవరి 10 అంటే 10వ రోజు. రెండూ కలిపి రెండుతో భాగిస్తే 182, అంటే జులై 1. రోజులను జులై 1 నుంచి లెక్కపెట్టండి, లేదా తేదీలను వృత్తం మీద కోణాలుగా మార్చి సగటు తీయండి.

కొండ వాలు దిద్దుబాటులో ఏమైనా మార్చాలా?

ఉత్తరాదిన ఎండ తగిలేది దక్షిణ వాలుకు, దక్షిణాదిన ఉత్తర వాలుకు. కోడ్‌లో ‘దక్షిణ వాలు వెచ్చనిది’ అని ఎక్కడైనా నేరుగా రాసి ఉంటే తిప్పండి.

రెండు అర్ధగోళాలనూ న్యాయంగా పోల్చడానికి మంచి జత ఏదైనా ఉందా?

కాలిఫోర్నియా తీరానికి చెందిన రేడియాటా పైన్‌ను న్యూజిలాండ్, చిలీ, ఆస్ట్రేలియాల్లో విస్తారంగా పెంచుతున్నారు. ఆస్ట్రేలియాకు చెందిన నీలగిరి జాతి యూకలిప్టస్ గ్లోబ్యులస్‌ను పోర్చుగల్, స్పెయిన్‌లలో పెంచుతున్నారు. జాతి ఒకటే కాబట్టి వాతావరణం, రుతువుల పాత్ర కొంత స్పష్టంగా బయటపడుతుంది. అయితే తోటల్లో మేలురకం మొలకలు, ఎరువు, వరసల మధ్య దూరం, నరికే వయసు అన్నీ మనిషి చేతిలోవే. సొంత నేలను వదిలి వెళ్లిన చెట్టు అక్కడి చీడల్లో చాలావాటిని కూడా వదిలి వెళ్తుంది. పరాయి నేల మీద ఎక్కువ పెరగడానికి ఇదీ ఒక కారణం, దాన్ని రుతువు ఖాతాలో వేయకూడదు.

ఇదంతా భూగోళం స్థాయిలో ఎక్కడైనా కనిపిస్తుందా?

గాలిలోనే కనిపిస్తుంది. హవాయిలోని మౌనా లోవాలో 1958 నుంచి నడుస్తున్న కొలతల్లో కార్బన్ డయాక్సైడ్ ఏటా మే నెలలో గరిష్ఠానికి చేరి, ఉత్తరాది వేసవి అంతా తగ్గుతూ, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో అడుగంటుతుంది. ఈ గరిష్ఠ, కనిష్ఠాల మధ్య ఊపు సుమారు 6 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల భాగాలకు 6 భాగాలు. అలాస్కా ఉత్తర తీరంలో ఊపు దానికి రెండు రెట్లకు పైనే. దక్షిణ ధ్రువం దగ్గర ఒకటి రెండు పీపీఎంలు మాత్రమే, అదీ తలకిందులుగా. 45 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన ఈ ఊపు 1960 ప్రాంతంతో పోలిస్తే దాదాపు సగం మేర పెరిగిందని 2013లో విమాన కొలతలతో తేల్చారు. బోరియల్, సమశీతోష్ణ అడవులు వేసవిలో మునుపటికన్నా ఎక్కువ పీల్చడం అందుకు ముఖ్య కారణమని భావిస్తున్నారు, పంట పొలాల వాటా ఎంతన్నది ఇంకా చర్చలో ఉంది. దక్షిణాది అడవుల విషయంలో గాలి ఇంత స్పష్టంగా మాట్లాడదు. అక్కడ నేల తక్కువ, ఉన్న అడవి కూడా ఏడాది పొడవునా కొంత పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి అక్కడి లెక్కకు ప్లాట్లు, పట్టీలు, టవర్లే ఆధారం.